మాఱురూపు వ్యాజ్యెము – న్యాయమూర్తి కోరాస్ చరిత్రము

దమయంతీ స్వయంవరమున నలుని రూపము దాల్చి నలుగురు దేవతలు కూర్చుండిన కథ మన విద్యార్థులందఱు ఎఱిగినదే. ఒక్క పోలిక గల అయిదుగురిలో తాను వరించినవాడెవడో గుర్తింపలేక ఆ రాజకన్య మొదట కలవరపడెను. కాని దేవతలకు ఱెప్పపాటు లేదు, చెమట పట్టదు, పాదములు నేలను తాకవు, మెడలోని పూలదండలు వాడవు. ఈ గుర్తులను బట్టి ఆమె నలుని తెలిసికొని పుష్పమాల వైచెను. మనుష్యుని రూపమును దేవతలు దొంగిలించినపుడు ఈ ఉపాయము చెల్లినది. మనుష్యుని పేరును, ఇంటిని, ఆలుబిడ్డలను మఱియొక మనుష్యుడే దొంగిలించినచో ఏమి చేయవలెను? ఇద్దఱికిని ఱెప్పలు పడును. ఇద్దఱికిని చెమట పట్టును. అట్టి చిక్కు 1560వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో ఒక పల్లెటూరి రైతు కుటుంబమునకు సంభవించెను. ఆ వ్యాజ్యెమును విచారించి, తాను తప్పు తీర్పునకు ఎంత చేరువకు వచ్చెనో దాచక లోకమునకు వ్రాసిపెట్టిన న్యాయమూర్తి ఝాన్ ద కోరాస్.

కోరాస్ 1515 ప్రాంతమున నైరుతి ఫ్రాన్సున జన్మించెను. ఆ సీమకు తులూజ్ ముఖ్యనగరము. అచటి విశ్వవిద్యాలయము న్యాయశాస్త్ర బోధనకు పేరుమోసినది. పూర్వకాలపు రోమను చక్రవర్తుల ధర్మశాస్త్రమే ఆనాడు యూరపు పండితులకు మూలగ్రంథము. మనవారికి స్మృతులును వాని వ్యాఖ్యానములును ఎట్టివో వారికి ఆ రోమను సంహితలును వాని భాష్యములును అట్టివి. కోరాస్ పిన్నవయసుననే ఆ విద్యయందు దిట్టయై, ఇటలీ దేశపు సియెనాలో డాక్టరు పట్టము పొంది, తులూజ్‌లోను, తరువాత వాలెన్స్ నగరములోను, ఇటలీలోని ఫెరారాలోను అధ్యాపకుడై ఉండెను. ఆతని ఉపన్యాసములకు విద్యార్థులు గుమిగూడి వచ్చెడివారు. లాటిను భాషలో ఆతడు రచించిన భాష్యములు పండిత లోకమున మన్నన గాంచెను. మొదటి భార్య మరణించిన పిమ్మట ఝాకెత్ అను వితంతువును ఆతడు వివాహమాడెను. పనిమీద దూరమునకు వెళ్లినపుడు ఆమెకు వ్రాసిన జాబులు కొన్ని నేటికిని నిలిచియున్నవి. భాష్యకారుని కాఠిన్యము వానిలో కానరాదు. ఇంటిమీద బెంగగొన్న భర్త మాత్రమే కనబడును.

1553లో కోరాస్ తులూజ్ పార్లమాలో న్యాయమూర్తిగా నియమింపబడెను. పార్లమా అనగా నేటి శాసనసభ కాదు. ఆ కాలపు ఫ్రాన్సులో అది రాజు పేర తీర్పు చెప్పు ఉన్నత న్యాయస్థానము. క్రింది కోర్టులు విధించిన ఘోరశిక్షలపై అప్పీళ్లు అచటనే విచారింపబడెడివి. ఆ పీఠమున కూర్చుండు న్యాయమూర్తులు ఎఱ్ఱని అంగరఖాలు ధరించెడివారు. పుస్తకములలోని ధర్మమును బోధించిన పండితుడు ఇక మనుష్యుల ప్రాణముల విషయమున ఆ ధర్మమును వినియోగింపవలసినవాడయ్యెను. ఏడేండ్లు గడచిన పిమ్మట ఆతని బల్లమీదికి ఆర్టిగాట్ గ్రామపు కాగితములు వచ్చెను.

ఆర్టిగాట్ తులూజ్‌కు దక్షిణమున, పిరెనీ పర్వతముల దాపున ఉన్న చిన్న పల్లె. 1527 ప్రాంతమున స్పెయిను సరిహద్దునందలి బాస్క్ సీమనుండి ఒక కుటుంబము అచటికి వలసవచ్చెను. వారు పెంకుల బట్టీ పెట్టి, భూములు సంపాదించి, కలిగినవారైరి. ఆ ఇంటి కుమారుని పేరు మార్టిన్ గేర్. 1538లో, పదునాలుగేండ్ల ప్రాయమున, అతనికి బెర్ట్రాండ్ అను బాలికతో వివాహము జరిగెను. ఆమె అతనికంటెను చిన్నది. ఎనిమిదేండ్ల వఱకు వారికి సంతానము కలుగలేదు. ఎవరో చేతబడి చేసిరని ఊరివారు చెప్పుకొనిరి. తుదకు ఒక మగబిడ్డ పుట్టెను. 1548లో మార్టిన్ తండ్రి ధాన్యము కొంచెము దొంగిలించెను. తండ్రి కోపమునకు వెఱచి, పాలుత్రాగు బిడ్డను, భార్యను విడిచి, ఎవరితోను చెప్పక ఊరు వెడలిపోయెను.

ఎనిమిది సంవత్సరములు గడచెను. మార్టిన్ జాడ తెలియలేదు. అతని తల్లిదండ్రులు మరణించిరి. తండ్రి మరణకాలమున కుమారుని క్షమించి ఆస్తిని అతనికే విడిచెను. పినతండ్రి పియేర్ ఆ ఆస్తిని చూచుకొనుచు, బెర్ట్రాండ్ తల్లి వితంతువైయుండగా ఆమెనే వివాహమాడెను. బెర్ట్రాండ్ స్థితి మిక్కిలి దీనమైనది. ఆమె సుమంగళియు కాదు, వితంతువును కాదు. భర్త మరణించెనని రుజువు లేనిదే స్త్రీ మఱల వివాహమాడరాదని క్రైస్తవ మఠశాసనము. ఆమె కుమారుని పెంచుకొనుచు అత్తవారి ఊరనే నిలిచి, మంచిపేరు కాపాడుకొనెను.

1556లో పొరుగూరి సత్రమునకు ఒక పురుషుడు వచ్చి తాను మార్టిన్ గేర్‌నని చెప్పెను. మార్టిన్ చెల్లెండ్రు నలుగురును పరుగున వచ్చి చూచి అన్నయే అనిరి. బెర్ట్రాండ్ మొదట సంశయించెను. అతడు వారిద్దఱికి మాత్రమే తెలిసిన సంగతులు చెప్పెను. వెళ్లునాడు పెట్టెలో విడిచిపోయిన తెల్లని మేజోళ్లను గూర్చి కూడ అడిగెను. ఆమె అతనిని కౌగిలించుకొనెను. పినతండ్రి పియేర్ సంకోచించియు తుదకు సమ్మతించెను. ఊరివారిని పేరుపేరున పలుకరించి, పదేండ్లనాటి ముచ్చట్లు గుర్తుచేసి, అతడు అందఱి మనస్సులను చూఱగొనెను. పోయిన మార్టిన్ మాటకారి కాడు. వచ్చిన మార్టిన్ మాటల పుట్ట. దేశదేశములు తిరిగినవాడు మాఱడా అని జనులు సమాధానపడిరి. మూడేండ్లకు పైగా వారు అన్యోన్యముగా కాపురము చేసిరి. ఇద్దఱు ఆడపిల్లలు పుట్టగా ఒకతె దక్కినది.

కలహము రూపమునుబట్టి కాక లెక్కలనుబట్టి పుట్టెను. తాను లేని కాలమున భూములపై వచ్చిన ఆదాయమునకు లెక్క చెప్పుమని వచ్చినవాడు పినతండ్రిని అడిగెను. ఒప్పనందున వ్యాజ్యెము వేసెను. అంతవఱకు మార్టిన్‌గా కనబడినవాడు ఆనాటినుండి పియేర్ కంటికి మోసగాడుగా కనబడసాగెను. మార్టిన్ పాదము పెద్దదనియు, ఇతని పాదము చాల చిన్నదనియు ఊరి చెప్పులు కుట్టువాడు చెప్పెను. మార్టిన్‌కు యుద్ధమున ఒక కాలు తెగిపోయెనని ఆ దారిని పోవు సైనికుడొకడు చెప్పెను. గ్రామము రెండు పక్షములయ్యెను. ఒకనాడు పియేర్ తన అల్లురతో కలిసి ఇతనిని కఱ్ఱలతో మోదుచుండగా బెర్ట్రాండ్ తన దేహము నడ్డముపెట్టి కాపాడెను. అయినను 1560 ప్రారంభమున పియేర్ ఆమె పేరుతోనే ఫిర్యాదు సిద్ధముచేసి ఇతనిని పట్టించెను. తల్లియు, మాఱుతండ్రియు ఒత్తిడి చేయగా ఆమె దానికి లోబడెను. ఈ వచ్చినవాడు గాస్కనీ సీమకు చెందిన ఆర్నో దు తిల్ అను జులాయి అని ఫిర్యాదులోని ఆరోపణ.

విచారణ మొదట రియూ పట్టణపు స్థానిక న్యాయస్థానమున జరిగెను. ఆనాటి ఫ్రాన్సులో క్రిమినలు వ్యాజ్యెములు 1539లో రాజు జారీచేసిన శాసనము ననుసరించి నడచెడివి. విచారణ రహస్యముగా జరుగును. ముద్దాయి పక్షమున న్యాయవాది ఉండడు. న్యాయాధికారి సాక్షులను ఒక్కొక్కరిని వేఱుగా ప్రశ్నించి వారి వాఙ్మూలము వ్రాయించును. పిమ్మట సాక్షిని ముద్దాయి యెదుట నిలుపును. ఆ సాక్షికి తనపై పగ గాని, స్వార్థము గాని ఉన్నచో వాఙ్మూలము చదువక పూర్వమే ముద్దాయి చెప్పవలెను; తరువాత చెప్పిన అభ్యంతరము చెల్లదు. ఇట్టి విచారణలో ముద్దాయికి తన నాలుకయు, తన జ్ఞాపకశక్తియు తప్ప వేఱు ఆయుధము లేదు. ఆర్టిగాట్ ముద్దాయికి ఆ రెండును సమృద్ధిగా ఉండెను.

రియూ కోర్టునకు వచ్చిన సాక్షులు సుమారు 150 మంది. వారిలో నలువదియైదుగురు ఇతడు ఆర్నో అనిరి. ముప్పదినుండి నలువది మంది వఱకు ఇతడు మార్టినే అనిరి; మార్టిన్ నలుగురు చెల్లెండ్రును ఈ పక్షమే. అఱువదిమందికి పైగా, ఎవరో చెప్పజాలమనిరి. ఆ కాలమున ఛాయాచిత్రములు లేవు. పల్లెరైతునకు చిత్తరువు వ్రాయించుకొను స్తోమతు లేదు. పోల్చి చూచుటకు చేవ్రాలు లేదు. చర్చీలలో నామకరణములు పుస్తకమున నమోదు చేయవలెనని నియమించినది 1539వ సంవత్సరపు ఆ శాసనమే. మార్టిన్ అంతకు పూర్వమే పుట్టినవాడు. కనుక మనుష్యుని గుర్తు ఇరుగుపొరుగుల జ్ఞాపకములోనే ఉండవలెను. ఆ జ్ఞాపకము మూడు త్రోవల చీలిపోయెను. మార్టిన్ పొడుగరి, సన్నగా నల్లగా ఉండెడివాడని కొందఱు చెప్పిరి. ముద్దాయి పొట్టి, బలిసినవాడు. కాని మార్టిన్ దేహమున ఉండిన మచ్చలు, పులిపిరులు, కనుబొమ్మపై గాయపు గుర్తు ఇతనికిని కలవని మఱికొందఱు చెప్పిరి. మార్టిన్ బాస్క్ సీమలో పుట్టినవాడు. ఇతనికి ఆ భాషలో నాలుగు మాటలకంటె రావు. కాని బాల్యముననే ఆ సీమను విడిచినవానికి భాష మఱపునకు రాదా? కుమారునికి ఇతని పోలిక లేదు. కాని పోలిక లేని తండ్రికొడుకులు లోకమున లేరా?

బెర్ట్రాండ్‌ను ముఖాముఖి నిలిపినపుడు ముద్దాయి ఒక మాటకు తన ప్రాణమును ఒడ్డెను. తాను మార్టిన్ కానని ఆమె ప్రమాణము చేసినచో ఎట్టి మరణమునకైనను తలయొగ్గెదననెను. ఆమె ప్రమాణము చేయలేదు. ఆమె మౌనమున ఎంత సత్యమున్నదో, ఎంత భయమున్నదో, ఎంత ప్రేమయున్నదో ఎవరు చెప్పగలరు? రియూ న్యాయాధికారి ముద్దాయిని దోషిగా నిర్ణయించి శిరచ్ఛేదము విధించెను. ముద్దాయి తులూజ్ పార్లమాకు అప్పీలు చేసికొనెను.

అచట ఈ వ్యాజ్యెమును పరిశీలించి తోడి న్యాయమూర్తులకు నివేదిక సమర్పించు భారము కోరాస్‌పై పడెను. పార్లమా బెర్ట్రాండ్‌ను, పియేర్‌ను కూడ నిర్బంధములో ఉంచి, ముగ్గురను వేఱువేఱుగా ప్రశ్నించి, కొత్తగా మఱికొందఱు సాక్షులను రప్పించెను. కోరాస్ ముద్దాయిని దీర్ఘముగా ప్రశ్నించెను. పెండ్లినాటి అతిథులు, వారి ఉడుపులు, విందు వివరములు, ఇంటి రహస్యములు మొదలైనవానిలో అతడు ఎచ్చటను తడబడలేదు. బెర్ట్రాండ్ వేఱుగా చెప్పిన సమాధానములు అతని సమాధానములతో సరిపోయెను. ఇంతటి జ్ఞాపకశక్తి ఒకనికి ఉండగలదా అని ఆ పండితుడు విస్మయము పొందెను.

కోరాస్ సాక్షులను లెక్కింపలేదు, తూచెను. పియేర్‌కు ముద్దాయితో ఆస్తి తగవు కలదు. కావున అతని మాటకు విలువ తక్కువ. ఆరోపించువారిలో పలువురు పియేర్ బంధువులు. ముద్దాయిని అన్నయని చెప్పిన నలుగురు ఆడపడుచులకు అబద్ధమాడవలసిన పని లేదు. బెర్ట్రాండ్ సచ్చరిత్ర గలది. మూడేండ్లకు పైగా కాపురము చేసిన స్త్రీకి తన భర్త యెవరో తెలియకుండునా? నేరము రుజువు కానిచో వివాహము నిలుచును; ఆ పసిపాపకు తండ్రి దక్కును. నిరపరాధిని శిక్షించుటకంటె అపరాధిని విడిచిపెట్టుటయే మేలని రోమను ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఈ కారణములచేత కోరాస్ మనస్సు ముద్దాయి పక్షమునకు మొగ్గెను. తక్కిన న్యాయమూర్తులలోను అదే భావము బలపడుచుండెను. ముద్దాయి విడుదలకు దినములు మాత్రమే మిగిలినట్లుండెను.

1560 జూలై మాసాంతమున కట్టెకాలితో ఒక మనుష్యుడు తులూజ్ చేరి తానే మార్టిన్ గేర్‌నని చెప్పెను.

పండ్రెండేండ్ల పూర్వము ఊరు విడిచిన ఆ యువకుడు పర్వతములు దాటి స్పెయిను చేరెను. బర్గోస్ నగరమున ఒక కార్డినలు ఇంట సేవకుడుగా ఉండెను. తరువాత స్పెయిను సేనలో చేరి, 1557 ఆగస్టు 10వ తేదీన సెయింట్ క్వెంటిన్ యుద్ధమున తన దేశీయులకే ఎదురుగా నిలిచి కాలు పోగొట్టుకొనెను. ఊరి దారిని పోయిన సైనికుడు చెప్పినది సత్యమే. ఇంతకాలము రానివాడు సరిగా ఈ సమయమున ఏల వచ్చెనో ఎవరికిని తెలియదు.

చిత్రమేమనగా, ప్రశ్నించినపుడు వచ్చినవాడే వెనుకబడెను. మార్టిన్ ఇంటి పాత సంగతులు కొన్నింటిని కట్టెకాలివాడు మఱచెను. ముద్దాయి తడుముకొనక చెప్పెను. పియేర్ సొమ్మిచ్చి ఈ కుంటివానిని తెచ్చెనని ముద్దాయి గర్జించెను. అప్పుడు న్యాయస్థానము మాటలను ప్రక్కనుంచి కన్నులను నమ్మెను. పియేర్‌ను, చెల్లెండ్రను, బెర్ట్రాండ్‌ను పిలిపించి కట్టెకాలివానిని చూపెను. పెద్దచెల్లెలు చూచినంతనే అన్న మెడపై వ్రాలి ఏడ్చెను. తక్కినవారును గుర్తించిరి. బెర్ట్రాండ్ గజగజ వణకి, కన్నీరు కార్చుచు, మోకరించి క్షమాపణ వేడెను. చెల్లెండ్ర కన్నీటికి కరగిన మార్టిన్ భార్యను చూచి కఠినుడయ్యెను. ఎవరు మోసపోయినను భార్య మోసపోరాదని నిందించెను. కుటుంబమును విడిచి పాఱిపోయిన నీ దోషమే ఈ యనర్థమునకు మూలమని న్యాయమూర్తులు అతనిని మందలించిరి.

ఇక శిక్ష నిర్ణయింపవలెను. మఱియొకని పేరును, వ్యక్తిత్వమును ధరించుట అను నేరమునకు ఆనాటి ఫ్రెంచి చట్టములో నిర్ణీతమైన శిక్ష లేదు. పూర్వపు తీర్పులలో కొన్నింట తేలిక శిక్షయు, కొన్నింట మరణదండనయు ఉండెను. ఆర్నో ఒక పేరు మాత్రమే దొంగిలించినవాడు కాడు. పేరుతోపాటు ఒక ఇంటిని, వారసత్వమును, ఒక స్త్రీ మానమును అపహరించెను. 1560 సెప్టెంబరు 12వ తేదీన పార్లమా అతనికి మరణదండన విధించెను. సెప్టెంబరు 16వ తేదీన ఆర్టిగాట్‌లో, మార్టిన్ ఇంటి యెదుట, అతనిని ఉరితీసి శవమును దహించిరి. మరణమునకు పూర్వము అతడు నేరము నొప్పుకొనెను. తనను చూచి మార్టిన్ అని భ్రమపడిన అతని మిత్రులిద్దఱివలన ఈ యోచన పుట్టెననియు, ఆ ఇంటి సంగతులు వారివలనను, ఇతరులవలనను ఒక్కొక్కటిగా సేకరించితిననియు చెప్పెను. బెర్ట్రాండ్‌ను నిందింపవలదని మార్టిన్‌ను వేడుకొనెను.

ఈ తీర్పులో దయకును చోటుండెను. బెర్ట్రాండ్ మోసపోయి కాపురము చేసినది కాని తెలిసి పాపము చేయలేదని న్యాయమూర్తులు ఆమెను విడిచిపెట్టిరి. భర్తయని నమ్మి కన్నది కనుక ఆ ఆడశిశువు ధర్మసంతానమేయని నిర్ణయించి, ఆర్నోకు స్వగ్రామమున గల ఆస్తిని ఆమెకు ఇప్పించిరి. తండ్రి నేరము బిడ్డకు సోకరాదని వారి తలంపు.

సాధారణ న్యాయమూర్తి ఇట్టి వ్యాజ్యెమును ముగించి కాగితములు కట్టిపెట్టును. తన వివేకము ఎచట తప్పుదారి పట్టెనో లోకమునకు చెప్పుకొనుటకు ఎవడును ఇష్టపడడు. కోరాస్ అట్లు చేయలేదు. 1561లో ఆతడు ఈ కథను గ్రంథముగా ప్రకటించెను. పండితులకొఱకు మాత్రమే వ్రాసినచో లాటినున వ్రాసియుండును. ఆతడు దానిని ఫ్రెంచి భాషలో వ్రాసెను. వ్యాజ్యెపు వృత్తాంతమును కొంత చెప్పి, దాని క్రింద భాష్యము వ్రాసి, మఱల కథను సాగించెను. వివాహధర్మము, సాక్షుల తూనిక, ప్రమాణపు విలువ, జ్ఞాపకశక్తి, పోలికలు మొదలైన విషయములు ఆ భాష్యమున వచ్చును. నేరస్థుని ప్రజ్ఞకు తాను ఆశ్చర్యపడిన సంగతిని ఆతడు దాచలేదు. తానును, తోడివారును అతనిని విడిచిపెట్టదలచిన సంగతిని దాచలేదు. ఆ గ్రంథము పలుమారులు ముద్రింపబడెను. 1565లో ఆతడే భాష్యమును పెంచి మఱల ప్రకటించెను. ఈ కథ నేటికిని నిలిచియుండుటకు ముఖ్యకారణము ఆ పుస్తకము.

ఇచట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. త్వరపడిన రియూ న్యాయాధికారి తీర్పు సత్యమునకు సరిపోయెను. నిదానించిన కోరాస్ అభిప్రాయము సత్యమునకు విరుద్ధమయ్యెను. అట్లయిన త్వరయే మేలా? కాదు. రియూ కోర్టు చేతనున్న సాక్ష్యముతోనే మఱొక ఊర ఒక నిజమైన మార్టిన్ ప్రాణము పోగొట్టుకొనియుండును. సందేహమున్నపుడు శిక్షింపరాదను నియమము దోషిని కూడ ఒక్కొక్కప్పుడు కాపాడును. ఆ వెల చెల్లింపనిదే నిర్దోషికి రక్షణ లేదు. కోరాస్ నిదానమువలననే వ్యాజ్యెము వేసవి వఱకు సాగినది. అది సాగుటవలననే కట్టెకాలి మనిషి వచ్చుటకు వ్యవధి చిక్కినది.

అయినను ఆ తుదితీర్పును సైతము అందఱు మెచ్చలేదు. సుప్రసిద్ధ ఫ్రెంచి వ్యాసకర్త మోంటేన్ 1588లో ప్రకటించిన ఒక వ్యాసమున ఈ వ్యాజ్యెమును ప్రస్తావించెను. మనుష్యబుద్ధికి అందని చిక్కులో ఒకనిని ఉరితీయుట మిక్కిలి సాహసమని అతని అభిప్రాయము. మాకు అర్థము కాలేదని చెప్పు ధైర్యము న్యాయస్థానములకు ఉండవలెనని అతడు తలచెను.

ఆ విమర్శ చదువుటకు కోరాస్ జీవించియుండలేదు. ఫ్రాన్సు దేశమున ఆ దశాబ్దములందు కాథలిక్కులకును, ప్రొటెస్టంటులకును ఘోరమైన అంతర్యుద్ధములు చెలరేగెను. కోరాస్ మనస్సు సంస్కరణ మతమువైపు మొగ్గినది. తులూజ్ కాథలిక్కుల కోట. 1562లో ఆ నగర వీధులలో ఇరుపక్షములు పోరాడిన నాటినుండి ఆతడు అనుమానమునకు పాత్రుడయ్యెను. ఉద్యోగము ఒకపుడు పోయి, ఒకపుడు తిరిగి వచ్చెను. ప్రొటెస్టంటు పక్షమునకు అండయైన నవార్ రాణి కొలువున ఆతడు కొంతకాలము పెద్ద న్యాయాధికారిగా ఉండెను.

1572 ఆగస్టు 24వ తేదీన, సెయింట్ బార్తొలొమ్యూ పండుగనాడు, పారిసు నగరమున ప్రొటెస్టంటుల ఊచకోత ఆరంభమయ్యెను. ఆ జ్వాల నగరమునుండి నగరమునకు ప్రాకెను. తులూజ్‌లో కోరాస్‌ను, మఱికొందఱను చెఱలో ఉంచిరి. అక్టోబరు మాసారంభమున ఒక మూక చెఱసాలలో జొరబడి బందీలను చంపెను. కోరాస్‌ను, మఱి ఇద్దఱు న్యాయమూర్తులను వారి ఎఱ్ఱని అంగరఖాలతోనే పార్లమా యెదుటి చెట్టుకు వ్రేలాడదీసిరి. ఏ గడప లోపల ఆతడు ఒక వంచకుని మాటలను నెలల తరబడి ఓపికతో వినెనో, ఆ గడప యెదుటనే ఆతని మాట వినువాడు లేకపోయెను. సాక్షి లేడు, ప్రశ్న లేదు, తీర్పు లేదు. గుంపునకు కావలసినది మనుష్యుడు కాదు, అతని మీద వ్రాసిన మతపు పేరు మాత్రమే.

ఆ వ్యాజ్యెమునకు నాలుగున్నర శతాబ్దములకు పైగా గడచెను. మాఱురూపు నేరము మాత్రము మాయలేదు, వేషము మార్చినది. నేడు ఒకని పేరు దొంగిలించుటకు అతని ఊరికి పోనక్కఱలేదు, ముఖము పోలనక్కఱలేదు, అతని రహస్య సంకేతాక్షరములు తెలిసిన చాలును. భారతదేశమున 1860వ సంవత్సరపు శిక్షాస్మృతియే మాఱుపేరుతో వంచించుటను నేరముగా పేర్కొనెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరము 319వ విభాగమున ఉన్నది. దానికి 5 సంవత్సరముల వఱకు శిక్ష. ఒకని ఎలెక్ట్రానిక్ సంతకమును, సంకేతపదమును, అట్టి ఇతర గుర్తింపును మోసముతో వాడినవానికి సమాచార సాంకేతిక చట్టపు 66సి విభాగము క్రింద 3 సంవత్సరముల వఱకు శిక్షయు, లక్ష రూపాయల వఱకు జుర్మానాయు కలవు. ఆ విభాగము 2008వ సంవత్సరపు సవరణచేత చేరినది. ఆనాటి ఫ్రాన్సున లేని నిర్ణీత శిక్ష నేడు మనకు కలదు.

కాని చట్టము శిక్షను మాత్రమే నిర్ణయింపగలదు, మనుష్యుని నిర్ణయింపలేదు. ఇట్టి ఫిర్యాదు వచ్చిన ప్రతి మేజిస్ట్రేటు కోర్టులోను, ఆ పని చేసినది ఈ బోనులో నిలిచినవాడేనా, లేక ఇతని పేరును సైతము మఱియొకడు దొంగిలించెనా అను ప్రశ్న నేటికిని నిలుచును. వ్రేలిముద్రలు వచ్చినవి, ఛాయాచిత్రములు వచ్చినవి, యంత్రములు లెక్కలేనన్ని గుర్తులు చూపుచున్నవి. ఆ గుర్తులను తూచవలసినవాడు మాత్రము రియూలోను, తులూజ్‌లోను కూర్చుండినట్టి మనుష్యుడే. అట్టివారికి కోరాస్ తన విజయమును కాక, తన సందేహమును పాఠముగా విడిచిపోయెను.